హోల్జ్‌మాడెన్: ఊపిరాడని సముద్రం కింద

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు ఆగ్నేయంగా, స్వేబియన్ ఆల్బ్ కొండల పాదాల దగ్గర హోల్జ్‌మాడెన్ అనే చిన్న ఊరుంది. చుట్టూ పొలాలు, వాటి మధ్య నల్లరాతి క్వారీలు. ఇక్కడి పలకరాయిని తరతరాలుగా తవ్వి ఇళ్లలో నేలకు పరిచారు, బల్లలు చేసుకున్నారు. ఉలి పెడితే పాత పుస్తకం పుటల్లా విడిపోయే ఆ రాయి, సుమారు 18 కోట్ల 30 లక్షల ఏళ్ల కిందటి జురాసిక్ సముద్రపు అడుగు బురద.

చర్మంతో సహా దొరికాయి

ఊళ్లోని హౌఫ్ మ్యూజియంలో చేపలాంటి సరీసృపాలు, ఇక్థియోసార్లు, కొలువుదీరి ఉన్నాయి. వాటి వీపు రెక్కలో ఎముక ఉండదు కాబట్టి అస్థిపంజరం చూసి దాని సంగతి ఊహించలేం. 1892లో బెర్న్‌హార్డ్ హౌఫ్ ఓపిగ్గా శుభ్రం చేసిన శిలాజంలో చర్మపు అంచులు, వీపు రెక్క స్పష్టంగా బయటపడ్డాయి. కడుపులో పిల్లలున్న తల్లుల శిలాజాలూ ఇక్కడ దొరికాయి. అవి గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనేవని చెప్పే సాక్ష్యమిది.

ఇంత చక్కగా నిలవడానికి కారణం విషాదకరమైనది. మునిగిన కళేబరాన్ని పీక్కుతినే జీవులు అడుగున చాలాకాలం బతకలేకపోయాయి. ఆ నీటిలో ప్రాణవాయువు లేదు.

అడుగు ఖాళీ, పైన సందడి

అప్పట్లో యూరప్‌లో చాలా భాగం దీవులు చెదిరిన లోతు తక్కువ సముద్రం. అదే కాలంలో ఇప్పటి దక్షిణాఫ్రికా, అంటార్కిటికా ప్రాంతాల్లో లావా పొంగి, వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది. భూమి వేడెక్కింది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. వానలు ముమ్మరమై, నదులు మోసుకొచ్చిన పోషకాలతో నాచు విపరీతంగా పెరిగింది. అది చచ్చి కుళ్లుతూ మిగిలిన ప్రాణవాయువునూ లాగేసుకుంది. తేలికైన మంచినీరు పైన పొరగా నిలవడంతో కిందికి గాలి చేరే దారి మూసుకుపోయింది.

బురదను తొలిచే పురుగులు మాయమయ్యాయి. అందుకే కాగితమంత పలుచని పొరలు చెదరలేదు. పూర్తిగా కుళ్లని సేంద్రియ పదార్థమే రాయికి నలుపునిచ్చింది. బ్రాకియోపాడ్ గుల్లజీవుల్లో కోట్ల ఏళ్లు నెగ్గుకొచ్చిన స్పిరిఫెరిడ్ వంశం ఈ సంక్షోభంతో ముగిసింది. అప్పుడప్పుడు కాస్త గాలి అందినప్పుడు చిన్న ఆల్చిప్పలు గుంపులుగా పెరిగి, మళ్లీ ఉక్కిరిబిక్కిరై పోయాయి.

పైన మాత్రం చేపలు, అమోనైట్లు, ఇక్థియోసార్లు ఈదుతూనే ఉన్నాయి. మ్యూజియంలోని దాదాపు 18 మీటర్ల సముద్ర లిల్లీల గుంపు ఈ తేడాను కళ్లకు కడుతుంది. నేలను పట్టుకోవాల్సిన ఆ జీవులు తేలే దుంగను అంటిపెట్టుకుని బతికాయి.

మెరుపు వెనుక

ఇక్కడి శిలాజాల బంగారు మెరుపు పైరైట్ అనే ఖనిజానిదని చాలాకాలం భావించారు. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం చాలా శిలాజాల్లో ఉన్నది ఫాస్ఫేట్ ఖనిజాలే. అవి ఏర్పడటానికి కొద్దిపాటి ప్రాణవాయువు సాయపడిందని పరిశోధకులు అంటున్నారు. ఆ అడుగు శాశ్వత శ్మశానం కాదు, అప్పుడప్పుడు ఊపిరి పీల్చింది.

ఈ ప్రాంతం ఇప్పుడు రక్షిత తవ్వకాల మండలం. పక్కూరు ఓమ్‌డెన్ క్వారీలో సందర్శకులు రుసుము కట్టి పలకలు చీల్చి చూడొచ్చు.

మన తీరానికి సంబంధమేమిటి?

గంగ, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. దాని కింద ప్రాణవాయువు అతి తక్కువగా ఉండే నీరు సహజంగానే ఉంది. 1960 తర్వాత అర్ధ శతాబ్దంలో ప్రపంచ సముద్రాలు దాదాపు 2 శాతం ప్రాణవాయువును కోల్పోయాయి. హోల్జ్‌మాడెన్‌లో ముందుగా నష్టపోయింది అడుగునున్న చిన్న జీవులు. పైన పెద్ద వేటగాళ్లు తిరుగుతుండగానే కింద సముద్రం చచ్చింది. కాబట్టి వల నిండుగా వచ్చిందని సముద్రం క్షేమమనుకోకూడదు. అడుగు బురదలో పురుగులు, గుల్లలు బతికున్నాయా అని ముందు చూసుకోవాలి.