వాడిన మొక్కకు అసలు జబ్బు ఎక్కడుంది?

ఆకుల నుంచి ఆవిరైపోయే నీటిని వేళ్లు ఎప్పటికప్పుడు భర్తీ చేయలేకపోతే ఆకు కణాల్లో బిగువు తగ్గుతుంది. అప్పుడు ఆకులు వాలిపోతాయి. మొక్క వాడడమంటే ఇదే. మట్టిలో నీరు లేకపోవడం ఇందుకు ఒక కారణం మాత్రమే. నీరున్నా వేళ్లు పీల్చుకోలేకపోవచ్చు. పీల్చుకున్న నీరు కాండంలో దారి మూసుకుపోయి పైకి ఎక్కకపోవచ్చు. కారణం ఏదైనా మందారం, మల్లె, నందివర్ధనం పైకి ఒకేలా వాడినట్టు కనిపిస్తాయి. పెరటి మొక్కల గురించిన అపోహలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

అపోహ: ఆకులు వాలితే నీళ్లు చాలలేదన్నమాట.

కుండీల్లో నీళ్లు ఎక్కువై చచ్చే మొక్కలు తక్కువేమీ కాదు. వేళ్లకూ గాలి కావాలి. మట్టిలోని ఖాళీలన్నీ నీటితో నిండిపోతే ప్రాణవాయువు అందక ముందుగా సన్నని పీచువేళ్లు చస్తాయి. ఆ వెంటనే పిథియం, ఫైటాఫ్తోరా వంటి సూక్ష్మజీవులు చేరి మిగతావాటిని కుళ్లబెడతాయి. వేళ్లు పోయిన మొక్క వాడుతుంది. దాహమేమోనని ఇంకో చెంబెడు పోస్తారు, మిగిలిన వేళ్లూ పోతాయి. నీరు త్వరగా ఇంకని నల్లరేగడిలో, ముసురు పట్టిన రోజుల్లో నేలలో నాటిన మొక్కలకూ ఇదే గతి పడుతుంది.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. చూపుడువేలు రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూడాలి. పొడిగా తగిలితే దాహమే. తడిగా ఉన్నా ఆకులు వాలి ఉంటే మొక్కను మట్టిముద్దతో సహా కుండీలోంచి తీసి వేళ్లు పరిశీలించాలి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి గట్టిగా తగులుతుంది. కుళ్లినది నల్లబడి మెత్తగా ఉంటుంది, లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మాత్రం మిగులుతుంది. కుళ్లిన వేళ్లను కత్తిరించి, గుల్లగా ఉన్న కొత్త మట్టిలో నాటి, పైమట్టి ఆరాకే మళ్లీ నీళ్లు పోయాలి. ఎండాకాలం మధ్యాహ్నం వాడి, పొద్దుగూకేసరికి తేరుకునే మొక్కకు మాత్రం జబ్బేమీ లేదు. తెల్లవారేసరికి కూడా తేరుకోకపోతేనే అనుమానించాలి.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు నిలవదు.

సన్నని మట్టిలోని నీరు పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి సులువుగా దిగదు. మట్టి అడుగుభాగం పూర్తిగా నానాకే కారుతుంది. అంటే రాళ్లు వేసిన మేరకు ఆ చిత్తడి పొర వేళ్ల దగ్గరకు జరుగుతుంది. రంధ్రం మీద ఒక పెంకుముక్క పెట్టి, మట్టిలోనే ముతక ఇసుక కలపడం మేలు.

అపోహ: దిష్టి తగిలింది, ముట్టులో ఉన్నవాళ్లు తాకారు.

ఈ రెండో నమ్మకం వల్ల నష్టం మొక్కతో ఆగదు. ముట్టులో ఉన్న ఆడవాళ్లు తాకితే తులసి, కరివేపాకు, మల్లె వాడిపోతాయని తెలుగునాట ఇంకా చాలా ఇళ్లలో అనుకుంటారు. ఇలాంటి నమ్మకం యూరప్‌లోనూ ఉండేది. 1920లో వియన్నా పిల్లల వైద్యుడు బేలా షిక్ దానికి శాస్త్రీయ రూపమే ఇచ్చాడు. ఋతుస్రావ సమయంలో ఒంట్లో ఒక విషం పుట్టి పూలను వాడేలా చేస్తుందని రాశాడు. దానికి ‘మెనోటాక్సిన్’ అని పేరూ వచ్చింది. దశాబ్దాలు గడిచినా అలాంటి విషం ఉన్నట్టు రుజువు కాలేదు. చలికాలంలో కరివేపాకు ఎదుగుదల మందగించి ఆకులు రాలడం సహజం. తులసి గింజ కట్టాక నీరసిస్తుంది. వేళ్లు చూడకుండా ఇంట్లో ఆడపిల్ల మీద నింద వేయడం అన్యాయం.

అపోహ: నీరసించిన మొక్కకు ఎరువు వేస్తే లేస్తుంది.

రసాయన ఎరువులు చాలావరకు లవణాలే. వేళ్ల చుట్టూ లవణాల గాఢత పెరిగితే నీరు వేళ్లలోకి రావడం కష్టమవుతుంది, మరీ ఎక్కువైతే వేళ్లలోంచే బయటికి పోతుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. చిన్న కుండీకి గుప్పెడు వేస్తే ఆకుల అంచులు మాడి మొక్క వాడుతుంది. ఉప్పు బోరునీళ్లు, ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లు రోజూ పోసినా నెమ్మదిగా ఇదే జరుగుతుంది. ఆర్‌ఓ వదిలే నీళ్లలో అసలు నీటికన్నా లవణాలు ఎక్కువ. వేళ్లు దెబ్బతిన్న మొక్కకు కొత్త చిగురు వచ్చేదాకా ఏ ఎరువూ వద్దు.

అపోహ: ఆకుల మీద మందు కొడితే వాడడం తగ్గుతుంది.

కనకాంబరాన్ని పట్టే ఎండు తెగులు మట్టిలోంచి వస్తుంది. ఫ్యుజేరియం శిలీంధ్రం వేళ్ల ద్వారా దూరి నీటినాళాలను మూసేస్తుంది. ఇలాంటి మొక్క కాండాన్ని కోసి చూస్తే లోపల గోధుమరంగు చార కనిపిస్తుంది. వేళ్లను నులిపురుగులు కొరికిన గాయాలు ఫ్యుజేరియానికి దారి సులువు చేస్తాయి. వేళ్ల మీద బుడిపెలుంటే వేరుముడి నులిపురుగులున్నట్టే. ఒక్క కొమ్మే వాడి, కాండం మీద చిన్న రంధ్రం, దాని కింద రంపపు పొట్టు ఉంటే లోపల తొలిచే పురుగు ఉంది. గులాబీలో కత్తిరించిన చోటు నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగితే అది కొమ్మ ఎండు తెగులు. నలుపు ఆగిన చోటికి రెండంగుళాల కింద పచ్చటి భాగంలో కోసి, శిలీంధ్రాలను అడ్డుకునే బోర్డో పేస్టు పూయాలి.

మిట్టమధ్యాహ్నం పోసిన నీటిబొట్లు భూతద్దాల్లా ఆకులను కాల్చేస్తాయన్నదీ అపోహే. నున్నని ఆకు మీద పరుచుకున్న బొట్టు కాంతిని ఆకును కాల్చేటంతగా కేంద్రీకరించలేదు. ఆ వేళ పోస్తే నీరు వృథాగా ఆవిరవుతుంది, అంతే.

అపోహ: ఆకులన్నీ రాలాయంటే మొక్క పోయినట్టే.

గోటితో కాండం తొక్క కాస్త గీరి చూడాలి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి, మొదలు దాకా గీరుతూ రావాలి. మొదట్లోనూ పచ్చదనం లేకపోతే పీకేయవచ్చు. అయితే పారేసే ముందు వేళ్లు చూడడం మరిచిపోకూడదు. ఫ్యుజేరియం మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది కాబట్టి ఎండు తెగులుతో పోయిన మొక్క చోట మళ్లీ అదే మొక్క నాటకూడదు, ఆ కుండీ మట్టిని వేరే కుండీలో కలపకూడదు.