మాట పుట్టుకకు సాక్ష్యం ఏది?

ఇంగ్లిష్‌లో ‘న్యూస్’ అనే మాట నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలతో ఏర్పడిందని మన బళ్లలో చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. ఎంత పొందికైన కథంటే, ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. అయినా అది నిజం కాదు. ‘కొత్త’ అనే అర్థమున్న ‘న్యూ’కి బహువచనం ‘న్యూస్’, అంటే కొత్త సంగతులు. 14వ శతాబ్దం చివరికే ఆ అర్థంలో వాడుకలోకి వచ్చింది. ఫ్రెంచివాళ్లు వార్తలను పిలిచే ‘నువెల్’ కూడా ‘కొత్తవి’ అనే అర్థం నుంచి వచ్చిందే. పైగా పాత రాతల్లో ఈ మాటను ఎన్-ఈ-డబ్ల్యూ-ఈ-ఎస్ అని అదనపు అక్షరంతో కూడా రాశారు. దిక్కుల అక్షరాలే దాని పుట్టుకైతే మధ్యలో ఆ రెండో ‘ఈ’ ఏ దిక్కు? పాత మాటల మూలం తేల్చేటప్పుడు కథ ఎంత ముద్దుగా ఉందో చూడకూడదు. ఆ మాట ఏ కాలపు రాతలో, ఏ రూపంలో, ఏ అర్థంతో కనబడిందో చూడాలి.

ఈ కొలబద్దతో చూస్తే చాలా కథలు నిలబడవు. ‘గోల్ఫ్’ అంటే మగవాళ్లకు మాత్రమే, ఆడవాళ్లకు ప్రవేశం లేదు అనే ఇంగ్లిష్ వాక్యానికి పొట్టి రూపమని చెబుతారు. కానీ 1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్ ఆడవద్దని శాసనం చేసింది. జనం విలువిద్య సాధన మానేసి ఫుట్‌బాల్‌లో, గోల్ఫ్‌లో మునిగిపోతున్నారన్నది అప్పటి పాలకుల బాధ. మొదటి అక్షరాలను కలిపి మాటగా పలికే అలవాటు ఇంగ్లిష్‌లో విస్తారంగా పెరిగింది 20వ శతాబ్దంలో. ఐదు వందల ఏళ్ల కిందటి మాటకు ఆ పద్ధతి అంటగట్టడం కుదరదు. ‘పాష్’ కథలో మన దేశం కూడా ఉంది. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ఓడల్లో ఎండ తగలని గదులు వచ్చేటప్పుడు ఎడమవైపు, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు ఉండేవని, డబ్బున్నవాళ్ల టికెట్ల మీద ఆ సంగతి చెప్పే నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు ముద్రించేవారని, అవే కలిసి ‘పాష్’ అయ్యాయని అంటారు. అలాంటి టికెట్ ఇంతవరకూ ఒక్కటీ బయటపడలేదు.

మరి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? 1857లో లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ, ఉన్న నిఘంటువులు చాలవని తేల్చి కొత్తదానికి పునాది వేసింది. వేలమంది సామాన్య పాఠకులు పాత పుస్తకాలు చదివి, మాట కనబడిన వాక్యాన్ని చీటీ మీద రాసి, పుస్తకం పేరూ ఏడాదీ జతచేసి పంపారు. జేమ్స్ మరే సంపాదకత్వంలో 1884లో మొదటి భాగం వెలువడింది. 1915లో ఆయన చనిపోయాక కూడా పని సాగి 1928లో పూర్తయింది. ఇదే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. లక్షల చీటీల వెనుక ఉన్న ఆ ఓపిక తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

ఆ ఓపిక వల్ల బయటపడిన నిజాలు కట్టుకథల కన్నా ఎంతో అబ్బురంగా ఉంటాయి. మనం క్రికెట్‌లో రోజూ వినే ‘అంపైర్’నే తీసుకోండి. పాత ఫ్రెంచిలో ‘నాన్‌పేర్’ అంటే జతకు చెందనివాడు, ఇద్దరి తగువు తీర్చే మూడోవాడు. అది ఇంగ్లిష్‌లోకి ‘నూంపెర్’గా వచ్చింది. దాని ముందు ‘ఎ’ చేర్చి పలికేటప్పుడు, మొదటి ‘న’ ముందరి ‘ఎ’కి చెందినదేమోనని జనం పొరబడ్డారు. మాట తన తల పోగొట్టుకుంది. ‘ఏప్రన్’ కూడా ఒకప్పుడు ‘నేప్రన్’. ‘నిక్‌నేమ్’కు దీనికి తలకిందులుగా జరిగింది. ‘ఈక్’ అంటే అదనం, ‘ఈక్‌నేమ్’ అంటే అసలు పేరుకు తోడైన పేరు. అక్కడ ముందరి ‘ఆన్’లోని ‘న’ జారి వచ్చి దీనికి అతుక్కుంది. ‘ఈక్’ ఈ అర్థంలో ఇప్పుడు ఎవరి నోటా లేదు, ‘నిక్‌నేమ్’లో మాత్రం దాక్కుని ఉంది. ‘లార్డ్’ పాత రూపం ‘హ్లాఫ్‌వేర్డ్’, అంటే రొట్టెను కాపాడేవాడు. ‘లేడీ’ మూలార్థం రొట్టెపిండి పిసికేది. అంతటి బిరుదుల్లో తిండి దాగి ఉందని ఏ కట్టుకథా ఊహించలేకపోయింది.

రాతనే సాక్ష్యంగా తీసుకునే ఈ పద్ధతికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. మాట ముందు నోట పుడుతుంది, రాతకెక్కేది ఆ తరువాతే. అలాంటప్పుడు మొదటి రాత తేదీని పుట్టిన తేదీ అని ఎలా అంటాం? నిజమే, అనలేం. నిఘంటువులు కూడా ఇంకా పాత రాత దొరికినప్పుడల్లా తేదీని వెనక్కి జరుపుతూనే ఉంటాయి. అయితే అది ఒక్కవైపే జరుగుతుంది. 1457 నాటి శాసనంలో ఉన్న మాట ఆ తరువాత పుట్టిందని ఏ కొత్త ఆధారమూ చెప్పలేదు. కాబట్టి తేదీ మాట పుట్టుకను నిరూపించలేకపోయినా, తప్పుడు కథను తోసిపుచ్చగలదు.

ఇంకో అభ్యంతరం, జనం ఊహలను అంత తేలిగ్గా తీసేయవచ్చా అని. తీసేయకూడదు. ఊహ మాటను మార్చిన సందర్భాలూ ఉన్నాయి, అప్పుడు ఆ ఊహ కూడా చరిత్రలో భాగమే. పెళ్లికొడుకును ఇంగ్లిష్‌లో ‘బ్రైడ్‌గ్రూమ్’ అంటారు. పాత రూపం ‘బ్రూడ్‌గుమ’. ‘గుమ’ అంటే మనిషి. ఆ మాట వాడుకలోంచి పోయాక జనానికి దాని అర్థం తెలియక, దగ్గరగా వినిపించిన ‘గ్రూమ్’ను 16వ శతాబ్దంలో ఆ చోట కూర్చోబెట్టారు. జర్మన్‌లో పెళ్లికొడుకు నేటికీ ‘బ్రాయ్‌టిగామ్’గానే ఉన్నాడు, పాత ‘గుమ’ జాడ అందులో నిలిచింది. ఇక్కడ జనం ఊహ తెచ్చిన మార్పుకు పాత రాతల్లోనూ, చుట్టపు భాషలోనూ ఆనవాలు దొరుకుతుంది. ‘పాష్’ కథకు అలాంటి ఆనవాలు ఏదీ లేదు.

సాక్ష్యానికి కట్టుబడితే కొన్నిచోట్ల ఖాళీ మిగులుతుంది. ‘డాగ్’ సంగతి అలాంటిదే. కుక్కకు పాత ఇంగ్లిష్‌లో మామూలు మాట ‘హుండ్’. జర్మన్లు ఇప్పటికీ కుక్కను అలాగే అంటారు. ఇంగ్లిష్‌లో అది ‘హౌండ్’గా మారి వేటకుక్కకు పరిమితమైంది. అరుదుగా కనబడే ‘డాగ్‌గ’ అనే రూపం దాని చోటును ఆక్రమించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎంత వెతికినా దొరకలేదు. పసిపిల్లలు మొదట నేర్చే ఆ చిన్న మాట దగ్గర, మూలం తెలియదు అనే నిఘంటువులు ఈనాటికీ రాస్తున్నాయి.