చదువరి నడుపు కథ – ప్రకటనకు తొందరయేల?

కథలు వ్రాయుట మనకు క్రొత్తగాదు. అయినను కంప్యూటరుమీద అల్లబడు నొక విధమైన కథ మనలో కొందరికే పరిచితము. దానిని ఇంటరాక్టివ్ ఫిక్షన్ అందురు. మనము “చదువరి నడుపు కథ” యనవచ్చును. ఇందు చదువరి వట్టి శ్రోతగాదు. ఏ తలుపు తెరువవలయునో, ఎవరిని పలుకరింపవలయునో ఆమెయే నిర్ణయించును. కథ ఆ నిర్ణయము ననుసరించి సాగును.

అమెరికాలో విల్ క్రౌథర్ ఆరంభించిన “ఎడ్వెంచర్” అను గుహాకథను 1977లో డాన్ వుడ్స్ విస్తరించెను. ఈ జాతి కథలకు అదియే మార్గదర్శకమైనది. 2009లో క్రిస్ క్లైమస్ “ట్వైన్” అను సాధనమును వెల లేకుండ లోకమున కొసగెను. దానితో ప్రోగ్రాము వ్రాయు విద్య నేర్వనివారును ఇట్టి కథలను అల్లగలుగుచున్నారు. అందు తెలుగులిపిలోనే వ్రాసికొనవచ్చును.

సాధనము సులభమగుటతో నొక చిక్కును వచ్చినది. కథ సగమైన వెంటనే దానిని నలుగురియెదుట పెట్టవలయునను తహతహ పుట్టును. నెలలతరబడి ఒంటరిగా వ్రాయువారు ఒక మెప్పుమాటకై యెదురుచూచుట తప్పుగాదు. కాని తక్కిన రచనలకంటె ఈ రచనకు తొందర యెక్కువ హాని చేయును. ఏలయన:

మాసపత్రికలోని ధారావాహిక నవలను మనము వరుసగా చదువుదుము, తరువాయికై వేచియుందుము. అందు కొఱత యున్నచో చివరనే యుండును. చదువరి నడుపు కథలో అట్లుగాదు. తాళపుచెవి పరుపుక్రింద నున్నదని రచయిత్రి యెఱుగును గావున నేరుగా అచ్చటికే పోవును. చదువరియో, బావిలోనికి తొంగిచూచును. పొరుగింటి యవ్వ నడుగును. అచ్చట రచయిత్రి యేమియు వ్రాయనిచో కథ మూగవోవును. అనగా కొఱతలు అడుగడుగున దాగియుండును.

ఇక లెక్క చూడుడు. మలుపునకు రెండేసి దారులు చొప్పున, కలియకుండ పది మలుపులు సాగినచో 1,024 ముగింపు లగును. అందుచేతనే నేర్పరులు చీలిన దారులను మరల కలుపుదురు. ఏ దారి యెచ్చట కలియునో తేలినగాని మొదటి పుటలో నేమి నాటవలయునో తెలియదు. ముందే ప్రకటించి పిదప మార్చినచో, ఆజ్ఞలు టైపుచేసి నడుపు ప్రాతపద్ధతి కథలలో చదువరి దాచుకొన్న స్థానము క్రొత్త ప్రతిలో సామాన్యముగా పనికిరాదు. ఆమె మొదటినుండి నడువవలయును. అంత యోపిక యెందఱికుండును?

అన్నింటికంటె ముఖ్యమైనది వేఱొకటి. రహస్య మెఱుగని చదువరి యొక కథకు ఒక్కమారే లభించును. సగము కథతో ఆమె కుతూహలమును వ్యయపఱచినచో, పూర్తికథ సిద్ధమైననాడు దానిని తిరిగి తేలేము.

అట్లని కథను పెట్టెలో దాచి తాళము వేయుమనుట గాదు. ఆవకాయ కలిపి జాడీ కెత్తినను, మూడవనాడు తిరుగగలిపి ఉప్పుకారములు సరిచూచిన పిదపనే కదా పదిమందికి వడ్డింతుము! ఆ రుచిచూచు పనివంటిదే పరీక్షాపఠనము. నమ్మకమైన యొక స్నేహితురాలిని ప్రక్కన కూర్చుండబెట్టి చదువనిండు. ఆమె తడబడినను దారి చెప్పకుడు. నిలిచిపోయిన చోటునెల్ల గుర్తువేసికొనుడు. అవి సవరించిన తరువాతనే రెండవ యామెకు ఇండు. అందఱికి నొకేమారు ఇచ్చినచో సవరణను పరీక్షించుటకు క్రొత్తకన్నులు మిగులవు. ఇట్లు తోడ్పడినవారి పేళ్లను కృతజ్ఞతతో ప్రకటించుట ఈ రచయితలలో నున్న మంచి యాచారము.

2002లో ప్రారంభమైన “ఇంట్రోకాంప్” అను పోటీకి కథయొక్క ఆరంభమును మాత్రమే పంపవలసియుండెను. గెలిచినవారు ఒక సంవత్సరములోపల కథను పూర్తిచేసిననే బహుమానము ముట్టునని నియమము పెట్టిరి. ఇందలి హితము గ్రహింపదగినది. ఆరంభమునకు లభించు మెప్పు తియ్యనిదే. ఆ తీపితోనే తృప్తిపడి కలము దింపు ప్రమాదమును గలదు.

మఱి కథ యెప్పుడు పూర్తియైనట్లు? మొదటినుండి తుదివఱకు ఒక దారి చక్కగా సాగవలయును. తక్కిన ప్రతిదారియు ముగియవలయును, లేదా మరల కలియవలయును. మీ సాయము లేకయే ఇరువురైనను తుదిముట్ట చదువగలుగవలయును. ఈ మూడును నెరవేఱిన పిదప సంకోచముతో నింకను దాచియుంచుటయు తగదు. కథ మీ శక్తికి మించినదని తోచెనా, దారులు తగ్గింపుడు. నూఱు గదుల అసంపూర్ణ సౌధముకంటె దీపము వెలుగు నాలుగుగదుల యిల్లు మేలు. చదువరి మనయింటికి వచ్చు నతిథి. తలుపు తీయుటకు ముందు ఇల్లు చక్కబెట్టుకొనుట ఆమెపట్ల మనము చూపవలసిన మర్యాద.