కేసుకూ కులముంటుంది

ఏటా వేసవి సెలవుల తర్వాత నా గది ముందు సత్ప్రవర్తన ధ్రువపత్రాల కోసం విద్యార్థులు బారులు తీరుతారు. ఇతని నడవడి మంచిదని సంతకం చేయడం అర నిమిషం పని. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికైన ఒక పూర్వ విద్యార్థి వచ్చినప్పుడు మాత్రం ఆ అర నిమిషం సరిపోలేదు. ‘‘మీరు రాసింది వాళ్లు చూడరు సార్. నా మీద కేసుంది కదా’’ అన్నాడు. ఎరుకల కుటుంబం. అతనికి పంతొమ్మిదేళ్లప్పుడు ఊళ్లో ఒక దుకాణం తాళం పగిలితే, వారి పేట నుంచి ఆరుగురిని స్టేషన్‌కు తీసుకెళ్లారు. రెండేళ్లు వాయిదాలు తిరిగాక కోర్టు కేసు కొట్టేసింది. ఆ తీర్పు నకలును ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకొని తెచ్చాడు.

ఉద్యోగులతో నింపించే అటెస్టేషన్ ఫారాన్ని ఆ రోజు మొదటిసారి శ్రద్ధగా చదివాను. ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, విచారణను ఎదుర్కొన్నారా, శిక్ష పడిందా అని ఒకే ఊపిరిలో అడుగుతుంది. అనుమానంతో పట్టుకెళ్లినవాడూ, నిర్దోషిగా బయటపడినవాడూ, నేరం రుజువైనవాడూ అక్కడ ఒకే వరుసలో నిలబడాలి. ‘లేదు’ అని రాస్తే నిజం దాచినందుకు ఉద్యోగం పోతుంది. ‘ఉంది’ అని రాస్తే ఉన్నందుకే పోవచ్చు.

ఈ ప్రశ్న అందరికీ సమానమేనని వాదించేవారు, అనుమానం మన సమాజంలో ఏ వీధి నుంచి మొదలవుతుందో చూడాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 సవరణతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఆ చట్టం నీడలోనే పుట్టాయి. హాజరు వేయించుకోవాలి, పొలిమేర దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. పుట్టుకే నేరారోపణ. 1952లో ఆ చట్టం దేశవ్యాప్తంగా రద్దయింది గానీ, అలవాటుపడిన నేరస్థుల చట్టాల రూపంలో దాని చూపు మిగిలింది. పోలీసు రికార్డుల్లో ఆ చూపు ఇంకా పోలేదు కనుకనే, విముక్త జాతుల వారిని అకారణంగా అరెస్టు చేయకుండా చూడాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో, జైళ్లలో కుల వివక్షపై ఇచ్చిన తీర్పులో ఆదేశించవలసి వచ్చింది.

దళితవాడల అనుభవం మరో రకం. అట్రాసిటీ కేసు పెట్టిన మరుసటి రోజే ఎదుటిపక్షం కౌంటర్ కేసు పెడుతుంది. అందులో తప్పనిసరిగా చదువుకునే కుర్రవాళ్ల పేర్లుంటాయి. పెద్దల్ని రాజీకి దింపాలంటే పిల్లల ఉద్యోగాల మీద దెబ్బకొట్టాలని గ్రామానికి బాగా తెలుసు. పోలీసు వెరిఫికేషన్ భయమే అక్కడ రాజీ పత్రం మీద సంతకం పెట్టిస్తుంది.

న్యాయస్థానాలకు ఈ సంగతి తెలియనిది కాదు. యవ్వనంలో జరిగిన చిన్నపాటి తప్పును మన్నించవచ్చని 2011లో ఢిల్లీ పోలీసు నియామకం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రొట్టె దొంగిలించి జీవితాంతం ముద్ర మోసిన విక్టర్ హ్యూగో కథానాయకుణ్ని గుర్తుచేసింది కూడా. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, కేసు స్వభావాన్ని బట్టి యాజమాన్యం విచక్షణ వాడాలని మార్గదర్శకాలిచ్చింది. ఆ విచక్షణ ఎవరి చేతిలో ఉంటుందన్నదే నా బాధ. ఒకరి కేసు కుర్రతనం, మరొకరి కేసు స్వభావం అవుతున్నది.

పిల్లలతో పనిచేసేవారి పూర్వాపరాలు చూడవద్దని ఎవరూ అనరు. పాఠశాలలు, శిశు సంరక్షణ సంస్థల సిబ్బందికి వెరిఫికేషన్ తప్పనిసరి చేసిన 2020 పోక్సో నిబంధనలు సబబే. అక్కడికి సేవ చేయడానికి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలకూ అది వర్తించాలి. కానీ డ్రైవరుకూ, ఇంటి పనిమనిషికీ, సరుకులు తెచ్చే కుర్రవాడికీ అదే జల్లెడ ఎందుకు? ప్రైవేటు ఏజెన్సీలు కోర్టుల వెబ్‌సైట్లలో పేరు వెదికి నివేదిక ఇచ్చేస్తాయి. కొట్టేసిన కేసూ అందులో కనిపిస్తుంది. ఉద్యోగం ఎందుకు రాలేదో అభ్యర్థికి ఎవరూ చెప్పరు, అప్పీలు చేసుకోవడానికి గుమ్మమూ లేదు.

బాల్యంలో జరిగిన తప్పు జీవితాంతం అనర్హత కాకూడదనీ, ఆ రికార్డును తొలగించాలనీ 2015 బాలల న్యాయ చట్టం చెబుతున్నది. బ్రిటన్‌లో 1974 నుంచే పాత శిక్షలకు కాలపరిమితి ఉంది. ఇక్కడ శిక్షే పడనివాడికి ఆ పాటి వెసులుబాటు ఇవ్వలేమా? ఫారంలో రుజువైన నేరాన్ని మాత్రమే, అదీ ఆ ఉద్యోగానికి సంబంధం ఉన్నంతవరకే అడగాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంపికయ్యాక వెరిఫికేషన్‌లో ఆగిపోయినవారి సంఖ్యను నియామక మండళ్లు సామాజిక వర్గాల వారీగా ప్రచురించాలి. ఆ పట్టిక బయటికొచ్చాక ఈ ప్రశ్న అందరికీ సమానమో కాదో మాట్లాడుకుందాం.

నా విద్యార్థి ఫైలు ఇంకా ‘పరిశీలన’లోనే ఉంది. నేనిచ్చిన పత్రానికి ఆరు నెలలు దాటింది, కొత్తది కావాలన్నారట. మొన్న మళ్లీ రాసిచ్చాను.