46 లెక్క తేల్చిన విషం

1955 డిసెంబరులో, స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఆల్బర్ట్ లెవాన్ ప్రయోగశాలకు వచ్చిన జో హిన్ చియో అనే జావా శాస్త్రవేత్త, మనిషి కణాల్లోని క్రోమోజోములను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాడు. దాదాపు ప్రతి కణంలోనూ 46 తేలాయి. అప్పటికి ముప్పై ఏళ్లుగా పాఠ్యపుస్తకాలన్నీ 48 అని చెబుతున్నాయి. చదివినవాళ్లంతా అదే నమ్మారు, కొందరు తమ స్లైడుల్లో కూడా 48 చూశామనుకున్నారు.

చియోకు తెలిసిన కిటుకులు రెండు. పలచటి ఉప్పునీటిలో కణాలను ఉబ్బిస్తే ఒకదాని మీదొకటి పడి ఉన్న క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి. అంతకు ముందే ఇంకో మందు వేస్తే, విభజన సరిగ్గా సగంలో, క్రోమోజోములు లావుగా, స్పష్టంగా కనిపించే దశలోనే కణం ఆగిపోతుంది. ఆ మందు పేరు కోల్చిసిన్.

ఐరోపా పచ్చికబయళ్లలో శరదృతువులో ఆకు లేకుండా ఊదారంగు పూలు పూసే కోల్చికమ్ అనే మొక్క దీని మొదటి మూలం. నల్లసముద్రం ఒడ్డున, నేటి జార్జియాలో ఉండిన కోల్చిస్ రాజ్యం నుంచి దానికి ఆ పేరు వచ్చింది. మనకు మాత్రం ఈ విషం అడవినాభిలో దొరుకుతుంది. వానలు పడగానే తుప్పల మీదికి పాకి, ఆకు కొసలనే నులితీగలుగా చుట్టుకుంటూ, ఎరుపు పసుపు కలిసిన మంటలాంటి పూలు పూసే తీగ అది. తమిళనాడు దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. అక్కడి ధారాపురం ప్రాంతంలో రైతులు పందిళ్లు వేసి సాగు చేస్తారు. పువ్వులో కీలాగ్రం పక్కకు వంగి పుప్పొడికి దూరంగా ఉంటుంది కనుక చేత్తో పరాగసంపర్కం చేయిస్తారు. వాళ్లు అమ్ముకునేది పూలు కాదు, గింజలు. కోల్చిసిన్ తీసేది ఆ గింజల నుంచే.

కీళ్లవాపుకు కోల్చికమ్ దుంప వాడటం చాలా పాత సంగతి. ఆరో శతాబ్దపు గ్రీకు వైద్యుడు ట్రాలెస్ అలెగ్జాండర్ గౌట్‌కు దీన్ని రాశాడు. 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు పెల్టియే, కావంటూ దుంపలోని ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీసింది కూడా ఆ ఇద్దరే, అదే సంవత్సరం.

కోల్చిసిన్ చేసే పని నిజానికి ఒక్కటే. కణంలో ట్యుబ్యులిన్ అనే ప్రోటీను ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని సన్నని గొట్టాలవుతాయి. కణం చీలేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకూ లాగేవి ఆ గొట్టాలే. తెల్లరక్తకణాలు వాపు ఉన్న చోటికి కదిలిపోవడానికీ అవి కావాలి. కోల్చిసిన్ పోయి ట్యుబ్యులిన్‌కు అతుక్కుంటే ఆ ముక్క వంకర తిరుగుతుంది. గోడలో వంకర ఇటుక పడితే దాని మీద వరస నిలవనట్టు, గొట్టం ఇక పెరగదు. గౌట్ రోగి బొటనవేలి కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాల మీదికి దండెత్తే తెల్లకణాలు మందగించి నొప్పి తగ్గుతుంది. యూరిక్ యాసిడ్ మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించడానికి వేరే మందు వాడాల్సిందే.

అసలు ట్యుబ్యులిన్ బయటపడింది కూడా కోల్చిసిన్ పుణ్యమే. 1967లో షికాగో విశ్వవిద్యాలయంలో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ రేడియోధార్మిక కోల్చిసిన్ తయారుచేసి, అది దేనికి అతుక్కుంటుందో వెతికారు. విభజన చెందే కణాల్లో, వీర్యకణాల తోకల్లో, మెదడులో ఒకే ప్రోటీను చిక్కింది. వైద్యుల కంటే జీవశాస్త్రవేత్తలే ఈ దుంపకు ఎక్కువ రుణపడ్డారంటే తప్పు కాదేమో.

వ్యవసాయ శాస్త్రమూ వాటా తీసుకుంది. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ అనే అమెరికన్లు మొక్కల మీద కోల్చిసిన్ ప్రయోగించి క్రోమోజోములను రెట్టింపు చేశారు. విభజన ఆగిపోవడంతో రెండు కణాలకు వెళ్లాల్సినవి ఒకే కణంలో మిగిలిపోతాయి. జపాన్‌లో హితోషి కిహారా ఇదే దారిన 22 క్రోమోజోముల పుచ్చ నుంచి 44 ఉన్నదాన్ని తయారుచేసి, దాన్ని మామూలు పుచ్చతో సంకరం చేశాడు. పుట్టిన మొక్కకు 33. బేసి లెక్కతో విత్తనం కట్టదు. గింజల్లేని పుచ్చకాయ వచ్చింది అలాగే. కోల్చిసిన్ తగిలేది ఒక తరం ముందటి మొక్కకు కాబట్టి, మనం తినే ముక్కలో అది ఉంటుందన్న భయం అక్కర్లేదు.

భయపడాల్సింది దుంపకే. శ్రీలంకలో అడవినాభి దుంపను చిలగడదుంప అనుకుని వండుకు తిని చనిపోయినవాళ్లున్నారు. మొదట వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో ఎముక మజ్జ, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. పేగుల్లో, మజ్జలో కణాలు నిత్యం చీలుతూ ఉంటాయి కనుక విషం ముందు వాటి మీదే పడుతుంది. డయాలిసిస్‌తో ఇది బయటికి పోదు. గౌట్ మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము అయినా, క్లారిత్రోమైసిన్ వంటి యాంటిబయాటిక్ తోడైతే ఒంట్లో కోల్చిసిన్ పేరుకుపోతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇంత పాత మందు ఇప్పుడు గుండె వైద్యుల చేతికి వచ్చింది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం వెనక వాపు కూడా ఉందని తేలాక, దాన్ని అణచడానికి కోల్చిసిన్ పరీక్షించారు. 2019లో, గుండెపోటు వచ్చి నెల దాటని 4,745 మంది మీద జరిగిన అధ్యయనంలో మేలు కనిపించింది. మరుసటేడు దీర్ఘకాలిక గుండెజబ్బు ఉన్న 5,522 మందిలో రోజుకు అర మిల్లీగ్రాము మాత్ర గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలను దాదాపు 31 శాతం తగ్గించింది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని గుండెకూ అనుమతించింది. అంతా కుదిరిందనుకునేలోగా 2024లో వెలువడ్డ అధ్యయనంలో, గుండెపోటు వచ్చిన వెంటనే మందు మొదలుపెట్టి 7,062 మందిలో పరీక్షిస్తే ఏ లాభమూ కనిపించలేదు. రోగుల ఎంపికలో తేడానా, మందు మొదలుపెట్టిన సమయమా, మరొకటా అని హృద్రోగ నిపుణులు వాదించుకుంటున్నారు.