రామప్పతోనే వెనక్కి తిరగకండి

ములుగు జిల్లాకు వెళ్లేవాళ్లలో చాలామంది రామప్ప గుడి చూసి, నంది పక్కన ఫొటో దిగి, పొద్దుగూకేలోపు హైదరాబాద్ దారి పడతారు. ఆ గుడిని పోషించిన చెరువు కూతవేటు దూరంలోనే ఉంది. ఆ గుడి కట్టిన రాజ్యంతో తలపడిన వనదేవతల గద్దెలు అదే జిల్లాలో ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తేనే ఇక్కడి చరిత్ర పూర్తిగా తెలుస్తుంది.

హనుమకొండ నుంచి ఏటూరునాగారం రోడ్డెక్కితే ఓ యాభై కిలోమీటర్లకు ములుగు వస్తుంది. 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన జిల్లా. పెద్ద పట్టణాలు లేవు, రైలు రాదు. ఊళ్లు, వరి పొలాలు, వాటిని ఆనుకుని ఏటూరునాగారం అభయారణ్యం. ఇలాంటి చోటుకు 2021 జులై 25న ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. చైనాలోని ఫుజౌ కేంద్రంగా జరిగిన యునెస్కో సమావేశంలో పాలంపేటలోని రుద్రేశ్వరాలయాన్ని, అంటే మన రామప్ప గుడిని, జాబితాలో చేర్చారు. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం ఇదే.

ఎర్ర రాయి, నల్ల రాయి

గుడి ఆవరణలో చిన్న మండపం కింద నాలుగు పలకల శాసన స్తంభం ఉంది. శక సంవత్సరం 1135, అంటే 1213లో, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడని ఆ సంస్కృత శాసనం చెబుతుంది. పని సుమారు నలభై ఏళ్లు సాగిందని అంచనా. శాసనం రుద్రుడి కీర్తిని పొగిడింది. జనం మాత్రం గుడిని శిల్పి రామప్ప పేరుతోనే పిలుస్తారు. కట్టించినవాడి పేరు పక్కకు తప్పుకుని పని చేసినవాడి పేరు నిలిచిపోవడం మన గుళ్లలో అరుదు.

ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకార పీఠం మీద నిలబడింది గుడి. గోడలు ఎర్ర ఇసుకరాయి. అసలు పనితనమంతా నల్లరాతిలో ఉంది. మూడు ద్వారాల దగ్గర చూరు కింద ఏటవాలుగా నిలిచిన పన్నెండు మంది మదనికలను తీరిగ్గా చూడాలి. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి. గైడ్లు ముందుగా చూపించేది అదే. ఆ చెప్పుల కంటే నడుము వంపు దగ్గర రాయి ఎంత పల్చబడిందో గమనించండి. పక్కగా వెలుతురు పడే వేళ ఆ నునుపు లోహంలా మెరుస్తుంది. లోపల రంగమండపంలో నాలుగు స్తంభాల నడుమ గుండ్రటి వేదిక ఉంది. ఆ స్తంభాల మీద సూది దూరేంత సన్నని సందులతో చెక్కిన నాట్యగత్తెలు, వాద్యగాళ్లు కనిపిస్తారు. కాకతీయుల గజసాహిణి జాయప సేనాని 'నృత్తరత్నావళి' రాసింది కూడా ఆ శతాబ్దంలోనే. తర్వాతెప్పుడో కనుమరుగైన పేరిణి నాట్యాన్ని నటరాజ రామకృష్ణ మళ్లీ నిలబెట్టింది ఈ శిల్పాల భంగిమలను, ఆ గ్రంథాన్ని పక్కపక్కన పెట్టుకునే. గుడి ఎదుట నంది చెవులు రిక్కించి, పిలిస్తే లేచి వచ్చేలా కూర్చుంది. దాని మండపం కప్పు మాత్రం ఎప్పుడో పోయింది.

శిఖరం కథ వేరు. దానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. మట్టిలో కలిపిన పొట్టు లాంటి పదార్థం బట్టీలో కాలిపోయి, లోపల సన్నని రంధ్రాలు మిగలడం వల్ల ఇటుక తేలికైందని నిపుణులు వివరిస్తారు. పైన బరువు తగ్గించిన స్థపతులు కింద ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. పునాది గుంతను ఇసుకతో నింపి దాని మీద గుడి లేపారు. భూమి కదిలితే ఆ ఊపును ఇసుక మింగేస్తుందన్నది లెక్క. లోపలి నేల అక్కడక్కడా కుంగి అలలు తిరిగినట్టు కనిపిస్తుంది, అయినా గుడి నిలిచే ఉంది. పక్కనున్న కామేశ్వరాలయం అంత అదృష్టానికి నోచుకోలేదు. పురావస్తు శాఖ దాని రాళ్లకు అంకెలు వేసి విప్పి, తిరిగి కట్టే పని చేపట్టాల్సి వచ్చింది.

ఇసుకలో చెమ్మ ఉన్నంతకాలమే ఆ పునాది తన పని తాను చేస్తుందంటారు ఇంజినీర్లు. దగ్గర్లో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు స్థానికులు ఎదురు తిరిగింది ఇందుకే. పేలుళ్ల అదురు ఒక భయమైతే, భూగర్భ జలం అడుగంటుతుందన్నది మరో భయం. గుడి క్షేమం నీటితో ముడిపడిందన్నమాట.

చెరువు లేనిదే దీపం లేదు

గుడి నుంచి కాస్త దూరం వెళితే రామప్ప చెరువు. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడే దీన్నీ తవ్వించాడు. నిజానికి తవ్వింది తక్కువ. మూడు వైపులా గుట్టలు, మధ్యలో లోయ. నీళ్లు జారిపోయే సందు ఒక్కటి. ఆ సందుకు అడ్డంగా కట్ట పోశారు. దాదాపు మూడు టీఎంసీల నీళ్లు నిలిచే జలాశయం అలా తయారైంది. గోవిందరావుపేట మండలంలోని లక్నవరంలోనూ ఇదే తెలివి. గుట్టల మధ్య సన్నటి సందులను చిన్న చిన్న కట్టలతో మూసేశారు. ఈనాడు జనం వేలాడే వంతెన కోసం, బోటు షికారు కోసం వెళ్లే లక్నవరం కాకతీయులు కట్టిన సాగునీటి చెరువు. అందులో దీవులుగా కనిపించేవి నీళ్లలో మునగ్గా మిగిలిన గుట్టల నెత్తులు.

ఆ కాలంలో ఒక సేనాని అడవి అంచున ఊరు నిలపాలంటే ముందు నీళ్లు కావాలి. చెరువు పడితే కింద మాగాణి సాగవుతుంది. ఆ మాగాణిలో కొంత గుడికి దానమిస్తారు. దాని పంటతో నైవేద్యం, దీపం, అర్చకుల బతుకు, నాట్యగత్తెల జీతం నడుస్తాయి. చెరువు కట్టించి కాపాడినవాడికి ఆయకట్టులో పదో వంతు దక్కే దశబంధం పద్ధతి కూడా ఉండేది. కట్ట తెగితే నష్టపోయేది తానే కాబట్టి మరమ్మతు ఆగేది కాదు. భక్తి, ఆదాయం, అధికారం మూడూ ఒకే కట్ట మీద నడిచిన లెక్క ఇది. మదనిక నడుముకు పెట్టిన ఉలి ఖర్చు ఈ తూముల కింద పండిన వడ్లలోంచే వచ్చింది.

గుడికీ చెరువుకూ ఒక తేడా ఉంది. గుడిని కాపాడుకుంటున్నాం, చెరువును వాడుకుంటున్నాం. దీని కింద వేల ఎకరాలు ఇప్పటికీ పారుతున్నాయి. దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీళ్లు కూడా ఈ చెరువుకు చేరుతున్నాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టుకోవడంలోనూ ఈ వారసత్వమే ఉంది. కట్ట దగ్గర, చుట్టుపక్కల చేలల్లో కాకతీయుల కాలపు చిన్న గుళ్లు శిథిలమై కనిపిస్తాయి. నిజాం పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1922లో పాలంపేట గుళ్లపై అచ్చువేసిన పుస్తకంలో పెద్ద గుడితోపాటు వీటినీ పట్టించుకున్నాడు. ఈనాటి యాత్రికుల కార్లు అటు తిరగవు.

శాసనం ఎక్కని కథ

పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళితే మేడారం. కాకతీయుల పేరు ఇక్కడ వేరే స్వరంతో వినిపిస్తుంది. కరవు కాలంలో కప్పం కట్టలేమన్న కోయదొరల మీదికి ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడని, ఆ పోరులో సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ నేలకొరిగారని, కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం విడిచాడని, గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి కుంకుమ భరిణెగా మారిందని కోయల నమ్మకం. ఆ వాగే జంపన్నవాగు. దీనికి శాసనాల సాక్ష్యం లేదు. ఓడినవాళ్లు శాసనాలు వేయించరు కదా! ఈ కథను నిలబెట్టింది పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ పాడే డోలీలు, తరతరాలుగా పూజలు చేస్తున్న వడ్డెలు.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ ఇక్కడ జరిగే జాతర 1996 నుంచి రాష్ట్ర పండుగ. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు వస్తారు. మర్నాడు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి స్వాగతం పలుకుతారు. గద్దె మీద విగ్రహం ఉండదు. వెదురు, కుంకుమ, మొక్కుగా పోసిన బెల్లం, అంతే. ఆ బెల్లాన్ని ఇక్కడ బంగారమే అంటారు. మనిషి బరువుకు సరిపడా తూచి ఇస్తే నిలువెత్తు బంగారం. నాలుగో రోజు వనప్రవేశంతో దేవతలు అడవికి మళ్లుతారు, ఊరు మళ్లీ చిన్నదైపోతుంది. జాతర లేని రోజుల్లో వెళితే గద్దెల దగ్గర తీరిగ్గా నిలబడి చూడొచ్చు.

రామప్ప నుంచి నేరుగా మేడారం వెళ్లినవాళ్లకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. చెరువులు తవ్వించిన రాజ్యం మంచిదా, కప్పం కోసం అడవి మీద పడిన రాజ్యం చెడ్డదా? రెండూ ఒకే రాజ్యం. అడవి అంచున కొత్త మాగాణి పెరిగినకొద్దీ అడవినే నమ్ముకున్నవాళ్లకు చోటు తగ్గుతుంది. ఒకరికి ఊరు లేచిన చోట ఇంకొకరికి ఆంక్షలు మొదలవుతాయి. పాలంపేట శాసనం మొదటి సగం చెబితే, మేడారం రెండో సగం చెబుతుంది.

కాకతీయుల కంటే ముందు

తాడ్వాయి మండలంలోనే దామరవాయి దగ్గర గుట్ట మీద పదుల సంఖ్యలో రాక్షసగుళ్లున్నాయి. నాలుగు వైపులా బండలు నిలబెట్టి, పైన ఒక భారీ బండను మూతగా పరిచిన ఇనుపయుగపు సమాధులివి. ఆ బండలు మనుషులు ఎత్తగలిగినవి కావనిపించి రాక్షసుల పేరు పెట్టుకున్నారు. ఊళ్లోవాళ్లెవరినైనా వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది. బండల మీద ఎక్కకండి, లోపల తవ్వకండి. గుప్తనిధుల ఆశతో తవ్వేవాళ్ల వల్ల ఇలాంటి సమాధులు తెలంగాణలో చాలాచోట్ల పాడైపోయాయి.

ఎప్పుడు, ఎలా?

వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో మత్తడి దూకే చెరువులు చూడాలనిపించినా వాతావరణ హెచ్చరికలు చూసుకునే బయల్దేరాలి. 2023 జులై చివర్లో పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. జంపన్నవాగు పొంగి కొండాయిని ముంచేసింది.

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్‌రోడ్డు దగ్గర పాలంపేటకు మళ్లాలి. పొద్దున్నే గుడి, ఆ వెంటనే చెరువు కట్ట. తీరిక ఉంటే పక్క జిల్లా గణపురంలో గణపతిదేవుడి కాలపు కోటగుళ్లు. సాయంత్రానికి లక్నవరం చేరితే బస అక్కడే దొరుకుతుంది. మర్నాడు మేడారం, దామరవాయి.

గుడికి గుర్తింపు వచ్చింది, బోర్డులు వచ్చాయి, గైడ్లు వచ్చారు. ఆ బోర్డు ఒకటి చెరువు కట్ట మీదా కావాలి. తూము ఎలా పనిచేస్తుందో చెప్పే మనిషీ కావాలి. దామరవాయి బండలకు కాపలా కావాలి, వడ్డెల మాటకు శాసనం పక్కన చోటు కావాలి. ఇవన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈసారి వెళ్లినప్పుడు గుడి చూడటం అయ్యాక గైడ్‌ను అడగండి, చెరువు దాకా తీసుకెళ్తావా అని. అడిగేవాళ్లు పెరిగితే చూపించేవాళ్లూ పెరుగుతారు.