గూట్లో మెదడు ఏమవుతుంది?

గూట్లోకి వెళ్లిన పురుగు మొత్తం కరిగి ద్రవమైపోతుందనీ, అందులోంచే రెక్కల పురుగు తయారవుతుందనీ చాలామంది నమ్మకం. పేగులు, కండరాల మట్టుకు అది చాలావరకు నిజమే. మెదడు మాత్రం కరగదు. అక్కడ జరిగేది అంతకంటే విచిత్రం.

ఈ మార్పుకు ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తుందో మొదట పట్టుకున్నది పోలెండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్. సుమారు వందేళ్ల కిందట ఆయన జిప్సీ మాత్ గొంగళిపురుగుల నడుముకు దారం బిగించాడు. చివరి దశ మొదట్లో కడితే ముందు సగమే ప్యూపా (గూటి దశ) అయింది, వెనక సగం పురుగుగానే ఉండిపోయింది. నాడులు తెంచినా మార్పు ఆగలేదు. మెదడు తీసేస్తే ఆగింది. అంటే ఆజ్ఞ నాడుల వెంట కాదు, రక్తంలో వస్తోంది.

1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్ ఆ వరుసలో కీలకమైన ఎక్డైసోన్ హార్మోన్‌ను విడదీశారు. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలకు దక్కింది 25 మిల్లీగ్రాములు! హిందూపురం వైపు పట్టు రైతులు జ్వరాలని పిలిచే నాలుగు పొర విడుపులూ దీని పనే. తోడుగా జువనైల్ హార్మోన్ ఉన్నంతకాలం పురుగు పురుగుగానే పెరుగుతుంది. అది తగ్గాకే రూపం మారుతుంది.

ఈ మార్పు మెదడులో ఎలా సాగుతుందో తెలియాలంటే, మాగిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ, డ్రోసోఫిలానే చూడండి. దాని లార్వా (పురుగు దశ) మెదడులో 3,016 న్యూరాన్లు. ఎదిగిన ఈగలో దాదాపు 1,40,000. కొత్తవాటిలో చాలా భాగం లార్వా దశలోనే పుట్టి, ఎదుగుదల ఆపుకుని వేచి ఉంటాయి. పాతవాటిలో కొన్ని చచ్చిపోతాయి. మిగిలినవాటికి బదిలీ ఉత్తర్వులు వస్తాయి: పాత కొమ్మలు తెగిపోతాయి, ముక్కల్ని పక్కనున్న గ్లియల్ కణాలు తినేస్తాయి, మొదలు నుంచి కొత్త కొమ్మలు వేరే చోటికి పెరుగుతాయి. అమెరికా పొగాకు తోటల్లో కనిపించే మాండుకా పురుగులో, పాకడానికి కండరాన్ని కదిలించిన న్యూరానే తర్వాత రెక్క ఆడించే కండరానికి పనిచేస్తుంది. ఒకే హార్మోన్‌కు ఒక కణం చావడం, ఇంకొకటి చిగురించడం ఎలాగంటే, దాన్ని అందుకునే గ్రాహకాల రకాలు కణానికీ కణానికీ తేడా.

మరి పురుగుగా నేర్చుకున్నది గుర్తుంటుందా? 2008లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మాండుకా పురుగులకు ఒక వాసన చూపి కరెంటు షాకిచ్చారు. అయిదో దశలో పాఠం నేర్చినవాటిలో ఎక్కువ భాగం రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరం జరిగాయి. మూడో దశలో నేర్చినవి మరిచిపోయాయి. ఒంటికి వాసన అంటుకుని ఉందేమోనన్న అనుమానాన్నీ పరీక్షించి తోసిపుచ్చారు.

2023లో జేమ్స్ ట్రూమన్ బృందం మాత్రం ఈగలో జ్ఞాపకాలకు నెలవైన మష్రూమ్ బాడీ న్యూరాన్లను ఒక్కొక్కటిగా వెంబడించింది. లార్వాలో అక్కడ పనిచేసినవాటిలో కొన్ని ఎదిగిన ఈగలో ఆ చోటే వదిలి వెళ్లిపోయాయి. పాత జ్ఞాపకం నిలవడానికి తగిన అల్లిక వాళ్లకు కనిపించలేదు.

రెండూ గట్టి పరిశోధనలే. ఒకటి ప్రవర్తనను చూసింది, ఇంకొకటి తీగల్ని చూసింది. పైగా పురుగులు వేరు. కాబట్టి సీతాకోకచిలుకకు బాల్యం గుర్తుంటుందని ఇప్పుడే రాసేయడం తొందరపాటు. మాండుకా మెదడులోనూ అదే తీరున న్యూరాన్లను వెంబడిస్తే గానీ ఈ తగువు తేలదు.